మూత పడిన గ్రహం

“ప్రొఫెసర్‌ని ప్రాణాలతో ఉంచు. మిగతాది తర్వాత చూద్దాం,” అన్నాడు చీఫ్. బ్రీఫింగ్ అంతే.

దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే, భూమికన్నా ఎన్నో రెట్లు బరువైన రాతి గ్రహాల కడుపులో ఏం జరుగుతుందో చూడటానికి ప్రొఫెసర్ ఒక ప్రెస్ తయారుచేశాడు. గుప్పెడు రాయిని గ్రహగర్భంలో నలిగినట్టే నలుపుతుందది. ఆ కిటుకు ఆయుధాలకూ పనికొస్తుందని ఒక విదేశీ ముఠా పసిగట్టింది. ఆశ చూపింది, ఆయన లొంగలేదు. తమకు దక్కనిది ఎవరికీ దక్కకూడదనుకుంది.

అటెండర్ వేషంలో చేరిన ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో మౌని అంటారు. కంట్రోల్ రూమ్‌లోని అందాల ఇంజనీరు ముఠాలో మనం పెట్టిన మనిషని చీఫ్ చెప్పాడు. “రాయి కరిగిందా?” అని అడిగితే “ఇంకా మగ్గుతోంది” అంది. కోడ్ సరిపోయింది. నవ్వూ సరిపోయింది. అక్కడే మౌని బోల్తా పడ్డాడు.

టీ ఫ్లాస్కుతో, ప్రొఫెసర్ పనిచేస్తున్న ప్రెస్ గదిలో అడుగుపెట్టగానే వెనకాల ఉక్కు తలుపు మూసుకుంది.

“ఏమనుకోకండి,” అంది స్పీకర్‌లో ఆమె గొంతు. “నేను వాళ్ల మనిషినే.”

ఆమె అక్కడినుంచే ఒత్తిడి పెంచుతుంటే ప్రెస్ మూలగసాగింది. హద్దు దాటితే అది ముక్కలై గదిని మింగేస్తుందనీ, ఒత్తిడి సున్నాకి దిగితే తప్ప తలుపు తెరుచుకోదనీ ప్రొఫెసర్ చెప్పాడు. ఆ నియమం ఆయన పెట్టిందేనట, భద్రత కోసం.

మూసిన గదంటే మౌనికి చిన్నప్పటినుంచీ గుండెదడ. అది ఎవరికీ కనపడకుండా ముఖాన్నే మూతగా బిగించుకుని బతికాడు. లోపల కుతకుత, పైన నిశ్శబ్దం.

ప్రొఫెసర్ ఆ ముఖాన్ని చదివేశాడు. “నీలాంటి గ్రహాలున్నాయి నాయనా. పైపెంకంతా ఒకటే పలక. పగలదు, కదలదు. లోపలి సెగ లోపలే.”

“పగలాలంటే?”

“నీళ్లు తగలాలంటాం. తడిసిన రాయి మొండితనం మానుకుంటుంది.”

ఇద్దరూ ఒక్కసారే ప్రెస్ వైపు చూశారు. ఉక్కు దిమ్మెల సందుల్లో, ఒత్తిడిని బయటికి పోనివ్వకుండా ఆపే రాతి పట్టీలు. రోజూ ఆయన వాటిని ఓవెన్‌లో ఎండబెట్టేది ఊరికే కాదు. చెమ్మ ఉంటే అవి ముందే జారి బయటికి చిమ్ముతాయి, ఒత్తిడి కారిపోతుంది.

“ఇప్పుడు చిమ్మితే?”

“చెవులు గింగురుమంటాయి. ఆలస్యమైతే చెవులే ఉండవు.”

మౌని ఫ్లాస్కు మొత్తం సందుల్లో ఒంపాడు. ఈసారి ముఖానికి మూత బిగించుకోలేదు. ఒత్తిడి మీటరు సూది ఎర్రగీతకు వెంట్రుకవాసిలో ఉండగా ఢామ్మంది. రాతిపొడి కమ్మేసింది. సూది చతికిలబడింది, తలుపు తెరుచుకుంది.

కంట్రోల్ రూమ్‌లో ఆమె రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, అసలు పేలుడు కోసం ఇంకా ఎదురుచూస్తోంది. బేడీలు వేయడం సులువైంది.

టీలో నానిన రాయిని చూసి ప్రొఫెసర్ నొచ్చుకున్నాడు. “మళ్లీ మొదలెట్టాలి. తలుపు వెయ్యి నాయనా.”

ప్రాణాలకు తెగించేవాడని డిపార్ట్‌మెంట్‌లో పేరున్న మౌని, ఎంతో వినయంగా, బయటి నుంచి వేశాడు.