పరాయి గొంతు

"ఏమండీ, మిమ్మల్నే! నాలుగో బెడ్ పేషెంటుకి ఈ హెడ్‌ఫోన్లు ఎవరు పెట్టారు?"

అతను తన గుండెల మీద వేలు పెట్టి చూపించుకున్నాడు.

"ఎందుకు పెట్టారు?"

అతను జేబులోంచి చిన్న కాగితం తీసి ఇచ్చాడు. 'పరిశోధన కోసం. పెద్ద మేడంగారి అనుమతి ఉంది' అని దాని మీద ముందే రాసి ఉంది.

"ఆ ముక్క నోటితో చెబితే ముత్యాలు రాలిపోతాయా?" అంది ఐసీయూలో కొత్తగా చేరిన మత్తు డాక్టరమ్మ.

ముత్యాలు రాలవు. రెండేళ్ల పరిశోధన రాలిపోతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పడానికి కూడా అతనికి వీల్లేదు.

అసలు కథ ఇదీ. పెద్ద ఆపరేషన్ అయ్యాక ఐసీయూలో కొందరు పెద్దవాళ్లకు మతి కాస్త పక్కదారి పడుతుంది. పగలో రాత్రో తెలియదు, ఇల్లో ఆసుపత్రో తెలియదు, కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంటారు. దాన్నే డెలీరియం అంటారు. సొంతవాళ్ల గొంతు చెవిలో వినిపిస్తూ ఉంటే అది తగ్గుతుందా అన్నది పెద్ద మేడంగారి ప్రశ్న. నూట ఇరవై మంది పేషెంట్లు. సగం మందికి ఇంట్లోవాళ్ల గొంతు, సగం మందికి పరాయి గొంతు. మాటలు మాత్రం అందరికీ అవే. "ఇవాళ మంగళవారం. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆపరేషన్ బాగా జరిగింది. మేమంతా ఇక్కడే ఉన్నాం." వారం పేరు రోజూ మారుతుంది. ఎవరికి ఏ గొంతు అన్నది కంప్యూటర్ తీసే చీటీ తేలుస్తుంది.

పరాయి గొంతు కోసం మేడం ఆసుపత్రి అంతా గాలించి, చివరికి తన దగ్గరే కోఆర్డినేటర్‌గా ఉన్న ఇతన్ని పట్టుకుంది. "నీ గొంతు భేషుగ్గా ఉందయ్యా. ఉప్పూ లేదు, కారమూ లేదు," అంది. పొగిడిందో తిట్టిందో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. షరతులు రెండు. పేషెంట్ల దగ్గర అతను నోరు విప్పకూడదు, విప్పితే గొంతు పరాయిది కాకుండా పోతుంది. ఆ గొంతు ఎవరిదో ఫలితాలు తేలేదాకా మార్కులు వేసే డాక్టర్లకు తెలియకూడదు. ఇప్పుడు ఆ మార్కులు వేసే పని పడింది మన డాక్టరమ్మ మీదే.

రోజుకు రెండుసార్లు ఆమె ప్రతి మంచం దగ్గరా నిలబడి, "రాయి నీళ్ల మీద తేలుతుందా? సముద్రంలో చేపలుంటాయా?" అని మహా గంభీరంగా అడిగేది. పేషెంటు మతి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష అది. పక్కన హెడ్‌ఫోన్లు తుడుస్తూ అతను మనసులోనే జవాబులు చెప్పుకునేవాడు. ఆమె మొహం చూస్తూ చెప్పడం వల్ల అన్నీ తప్పులే వచ్చేవి.

ఐసీయూ అంతా అతన్ని మౌనస్వామి అని పిలిచేది. డాక్టరమ్మ మాత్రం వారం తిరిగేసరికి తనంతట తానే తీర్పు ఇచ్చేసుకుంది. పాపం, మూగవాడు! ముత్యాల మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. ఫోన్‌లో వీడియోలు చూసి సైగల భాష నేర్చుకుని, ఒకరోజు ఎదురొచ్చి చేతులు గిరగిరా తిప్పింది. టీ తాగారా అని అడిగానని ఆమె అనుకుంది. గేదె కిటికీలోంచి దూకింది అన్నట్టుగా అతనికి కనిపించింది. అయినా తల ఊపాడు. ఆమె నవ్వింది. దాంతో అతని పని అయిపోయింది.

మాటలు వచ్చని చెబుదామంటే, మరి ఐసీయూలో ఎందుకు మాట్లాడరని అడుగుతుంది. ఆ జవాబు చెప్పడానికి వీల్లేదు. అందుకని మూడు వారాలు గేదెలతోనూ కిటికీలతోనూ నెట్టుకొచ్చాడు.

నాలుగో వారం ఒకరోజు బయట వాన దంచికొడుతోంది. క్యాంటీన్ కిక్కిరిసి ఉంది.

"పంచదార వద్దని ఎన్నిసార్లు చెప్పాలన్నా? ఇది కాఫీయా, పాకమా?"

వెనక ఏదో పడిన చప్పుడైంది. పడింది గొడుగు. గొడుగు వెనక డాక్టరమ్మ.

"మీకు మాటలు వచ్చా?"

"అదీ... అంటే..."

"మూడు వారాలు! వేళ్లు నొప్పి పుట్టేలా నేర్చుకున్నాను. నన్ను చూసి లోపల్లోపల నవ్వుకున్నారా?"

"లేదండీ. దానికో కారణం ఉంది."

"చెప్పండి."

"చెప్పకూడదు."

"చాలా సంతోషం. ఇకనుంచి మీకు మూగ, నాకు చెవుడు," అని గొడుగు తీసుకుని, దాన్ని విప్పకుండానే వానలోకి వెళ్లిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఆ వారమే డాక్టరమ్మగారి అమ్మమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని అక్కడికే ఆపరేషన్‌కి వచ్చింది. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడంతో పరిశోధనలోనూ చేరింది. సొంత మనిషి కాబట్టి ఆవిడకు మార్కులు వేరే డాక్టరు వేశాడు. చీటీలో పరాయి గొంతు వచ్చింది.

ఐదు రోజులూ అమ్మమ్మ మతి ఇసుమంతైనా చెదరలేదు. వార్డుకు మార్చగానే మనవరాల్ని పిలిచి ఒక ప్రకటన చేసింది.

"నా చెవిలో మాట్లాడిన అబ్బాయి ఎవరో కనుక్కోవే. నిన్ను అతనికే ఇస్తాను."

"అమ్మమ్మా! అది రికార్డింగు!"

"రికార్డింగు వెనక మనిషి ఉంటాడుగా? ఇవాళ ఏ వారమో రోజుకు ఎనిమిదిసార్లు చెప్పాడే. ఒక్కసారి విసుక్కోలేదు. మీ తాతయ్యని రెండోసారి అడిగితే ఇంటికప్పు ఎగిరిపోయేది."

ఇక వార్డులో స్వయంవరం మొదలైంది. మంచం దగ్గరికి వచ్చిన ప్రతి మగవాడూ "ఇవాళ మంగళవారం" అనాలి. లిఫ్ట్ నడిపే అతను అన్నాడు. మనవలున్న గుండె డాక్టరుగారు కూడా అన్నారు. "ఇవాళ సోమవారం కదండీ" అని ఎక్స్‌రే తీసే అతను నసిగితే, "నేను అడిగింది గొంతు నాయనా, క్యాలెండర్ కాదు," అంది అమ్మమ్మ.

బుధవారం ఏదో ఫారం మీద సంతకం కోసం మౌనస్వామి కూడా రాక తప్పలేదు.

"నువ్వూ అను బాబూ."

అతను తల అడ్డంగా ఊపాడు.

"వదిలెయ్ అమ్మమ్మా. ఆయనకి కాఫీ దగ్గర తప్ప మాటలు రావు," అంది డాక్టరమ్మ, ఫైలులోంచి తల ఎత్తకుండా.

అప్పుడే అమ్మమ్మను నడిపించడానికి ఫిజియోథెరపిస్టు వచ్చాడు. డాక్టరమ్మ చేరిన రోజు నుంచీ ఆమె మీద అతనికి ఒక కన్ను. "ఇంకా ఎందుకులెండి దాచడం? ఆ గొంతు నాదే. హెడ్‌ఫోన్లలో కాస్త వేరేగా వినిపిస్తుంది," అన్నాడు.

అమ్మమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నన్ను ఎల్లుండి పంపించేస్తున్నారు. ఆదివారం ఇంటికి రా, మాట్లాడదాం," అంది.

"రానీ అమ్మమ్మా. నోరున్న మనిషి," అంది డాక్టరమ్మ. ఈసారి తల ఎత్తి మౌనస్వామి వైపు సూటిగా చూసింది.

అతను పరుగు పరుగున పెద్ద మేడం గదికి వెళ్లాడు. "మేడం, నేను ఆమెకి చెప్పేస్తాను."

"చివరి పేషెంటు ఇవాళే చేరాడయ్యా. సోమవారానికి అయిపోతుంది. ఇప్పుడు నోరు జారావంటే ఆమె వేసే మార్కులకి విలువుండదు. నూట ఇరవై మంది మనల్ని నమ్మి చెవులు అప్పగించారు."

"ఆదివారం ఫిజియో వాళ్లింటికి వెళ్తున్నాడు మేడం."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నేను ఆపను. నువ్వే ఆలోచించుకో," అంది.

అతను ఆలోచించుకున్నాడు. ఏడుపొచ్చింది. అయినా ఎవరికీ చెప్పలేదు. మనసు కన్నా మాట గొప్పదని అతను ఎక్కడో చదివాడు. అది రాసినవాడికి ఇలాంటి ఫిజియో తగిలి ఉండడు.

ఆదివారం జరిగింది సోమవారం ఉదయానికల్లా ఆసుపత్రి అంతా పాకింది. అమ్మమ్మ ఫిజియోని ఎదురుగా కూర్చోబెట్టి ఇవాళ ఏ వారమని అడిగిందట. కాసేపాగి మళ్లీ అడిగిందట. ఐదోసారికి అతను, "ఎన్నిసార్లు చెప్పాలండీ, చెవుడా?" అన్నాడట. అమ్మమ్మ తలుపు చూపించిందట.

ఆ సాయంత్రం సెమినార్ హాల్లో మేడం ఫలితాలు బయటపెట్టింది. సొంతవాళ్ల గొంతు విన్నవాళ్లలో డెలీరియం బాగా తగ్గింది. పరాయి గొంతు వల్ల ఏ ఉపయోగమూ కనిపించలేదు. "ఇదిగో ఆ పరాయి గొంతు," అని మీట నొక్కింది.

"ఇవాళ మంగళవారం. మీరు ఆసుపత్రిలో ఉన్నారు..."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. తలుపు తోసుకుని బయటికి నడిచింది. అతను వెంటపడ్డాడు.

"చెప్పకూడదన్నది ఇదా?" అని వరండాలో ఆగి అడిగింది.

"ఇదే."

"ఆ ఫిజియో మీ గొంతు ఎత్తుకుపోతున్నా నోరు విప్పలేదే!"

"మాట ఇచ్చానండీ. ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి చెబుతున్నాను. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. కానీ విన్నారుగా, నా గొంతు వల్ల ఎవరికీ ఉపయోగం లేదని అంకెలతో సహా తేలిపోయింది."

ఆమె కోపంగా ఉందామని చూసింది గానీ కుదరలేదు.

"సొంతవాళ్ల గొంతు పనిచేస్తుంది. పరాయివాళ్లది పనిచేయదు. అంతేగా?"

"అంతే."

"మా అమ్మమ్మకి మీ గొంతు పనిచేసింది. అంటే ఏమిటి?"

అతనికి అర్థమైంది. "అంటే... ఒక్క పేషెంటుతో ఏమీ తేల్చలేమండీ. శాంపిల్ సరిపోదు," అన్నాడు, అలవాటు కొద్దీ. అనేసి నాలుక కరుచుకున్నాడు.

"అయితే శాంపిల్ పెంచుకోండి, ఈ ఆదివారం మా ఇంటికి రండి. అమ్మా నాన్నా, ఇద్దరు తమ్ముళ్లు, అత్తయ్య, అందరూ ఉంటారు. ఎంతసేపైనా మాట్లాడండి."

"మరి మీరు?"

"నాది ఇందాక హాల్లోనే తేలిపోయింది. అమ్మమ్మతో కలిపి ఇద్దరం అని రాసేసుకోండి," అంది డాక్టరమ్మ.