ముందే వదులు చేసిన మూతలు

ఆ ఇల్లాలికి తన భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు చేతకాని పని లేదు.

ఊళ్ళో అందరి మొగుళ్ళూ నడుం పట్టేసిందనో, తల తిరుగుతోందనో చెప్పి పనులు తప్పించుకుంటారు. ఆ అదృష్టం ఆవిడకు లేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు పోయినా, కుడికాలు ఈడుస్తూ నడుస్తున్నా ఈ మనిషి మాత్రం బల్బు మార్చాలంటే స్టూలెక్కుతానంటాడు, మంచం జరపాలంటే ముందు తనే వంగుతాడు. ఎవరైనా "ఎలా ఉందండీ?" అని అడిగితే "నాకేం, భేషుగ్గా ఉన్నాను, మీరే కాస్త చిక్కారు" అని ఎదురు జాలిపడతాడు. చూపించుకోవడానికి వెళ్ళి, డాక్టరుకే వేళకు తినమని సలహా చెప్పి వచ్చాడు.

ఇందులో ఆయన తప్పు కూడా పూర్తిగా లేదు. ఆయన లిఫ్టు మెకానిక్. అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్లో ఇరుక్కుని ఏడుస్తున్న జనానికి, తలుపు ఇవతల నిలబడి "కంగారు పడకండి, అంతా బాగానే ఉంది" అని చెప్పడం ఆ ఉద్యోగంలో సగం. జబ్బు చేసి ఉద్యోగం పోయింది కానీ ఆ సగం మాత్రం ఆయనను వదల్లేదు.

ఆవేళ కూడా ఆవిడ అందరికన్నా ముందు లేచి, వంటింట్లో కాఫీపొడి డబ్బా మూత గట్టిగా తిప్పి వదులు చేసి, మళ్ళీ బిగించినట్టు కనబడేలా పైన ఆనించి పెట్టింది. టూత్‌పేస్టు మూత కూడా అలాగే. చొక్కాలకైతే ఏనాడో కాజాలు కాస్త పెద్దవి చేసి, గుండీలు కాస్త చిన్నవి కుట్టేసింది. ఇస్త్రీ నలగకూడదన్న సాకుతో కింది గుండీలు ముందే పెట్టి హ్యాంగరుకు తగిలిస్తుంది. స్నానాల గది బాధ్యత కూతురిది. బకెట్టులో సగం నీళ్ళే పట్టి, "కుళాయి సన్నగా వస్తోంది నాన్నా" అంటుంది. ఆ కుళాయి అంత ధారగా వచ్చే కుళాయి ఆ వీధిలోనే లేదు.

ఆయన వంటింట్లోకి వచ్చి, డబ్బాను గుండెకు ఆనించుకుని, ఎడంచేత్తో మూత ఒక్క తిప్పు తిప్పాడు. వచ్చేసింది.

"ఎవరే ఆ డాక్టరు, పట్టు పోయిందన్నది? పిలు ఇక్కడికి!"

"పిలిస్తే ఆయనకీ కాఫీ ఇవ్వాలి. మీరు కానివ్వండి" అంది ఆవిడ స్టవ్వు వైపు తిరిగి.

కూతురు జడ అల్లుకుంటూ వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. ఆ పిల్లకు రేవు పట్నంలో ఓడల ఇంజన్లు నేర్పే కాలేజీలో సీటొచ్చింది. వచ్చిన రోజున తండ్రి వీధిలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి చెప్పాడు. వారం తిరగకుండా ఆ పిల్ల వెళ్ళనంది.

"ఆలోచించావా అమ్మలూ?" అన్నాడు ఆయన.

"ఆలోచించాను. సముద్రపు గాలి నాకు పడదు నాన్నా."

"సముద్రం ఎప్పుడు చూశావే నువ్వు?"

"ఫొటోలో చూశాను. అప్పుడే కళ్ళు తిరిగాయి."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

"బద్ధకం. ఇంకేం కాదు. చెయ్యి ఇలా అయినా నేను ఒకరి మీద ఆధారపడ్డానా? కాళ్ళూ చేతులూ నిక్షేపంలా ఉన్నదానివి, నీకేమొచ్చింది? ఇంట్లో కూచుని అమ్మ చేసింది తినడానికి మరిగావు."

కూతురు తల్లి వంక చూసింది. తల్లి పాల గిన్నె వంక చూసింది. పాలు ఇంకా పొంగలేదు కానీ ఆవిడ వాటినే తీక్షణంగా చూస్తూ ఉండిపోయింది. మధ్యాహ్నాలు ఆవిడ లాండ్రీ దుకాణంలో పద్దులు చూడ్డానికి వెళ్తుంది. ఆ వేళ ఇంట్లో ఉండేది కూతురు. ఆయన బాత్రూములోకి వెళ్తే బయట చీపురు పట్టుకుని ఊడ్చిందే ఊడ్చేది, అన్నం పళ్ళెంలో ముక్కలు ముందే కోసి పెట్టేది ఆ పిల్లే. అది వెళ్ళిపోతే ఆవిడ ఉద్యోగం మానాలి. మానితే ఇల్లు గడవదు. వికలాంగుల పెన్షను వస్తే ఆ చిక్కు విడిపోయేది. పెట్టిన అర్జీ కాస్తా తిరిగొచ్చింది.

*

గ్రంథాలయం మేడ మీద ఉచిత న్యాయ సలహా కేంద్రం ఉందని లాండ్రీకి ఒక లాయరమ్మ నల్లకోట్లు తెచ్చే పనిమనిషి చెప్పింది. ఆ లాయరమ్మే అక్కడ కూచుంటుంది. పొట్టి జుట్టు, పెన్సిలు చివర కొరికే అలవాటు. భార్యాభర్తలిద్దరూ మెట్లెక్కి వెళ్ళారు. ఎక్కడానికి చాలాసేపు పట్టింది. "ఇక్కడ లిఫ్టు పెట్టడం పెద్ద పనేం కాదు" అని ఆయన దారి పొడుగునా గోడలు కొలుస్తూ వచ్చాడు.

కూర్చోగానే ఆయన అసలు సంగతి తేల్చేశాడు. "చూడండమ్మా, నేను ఒకళ్ళ దానం తీసుకునే మనిషిని కాను."

"ఎవరిస్తున్నారండీ దానం?" అంది లాయరమ్మ. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ మీ జీతంలోంచి నెలనెలా కోశారు కదా? ఇలాంటి రోజు కోసమే. మీది మీరు అడుగుతున్నారు."

ఆయన కాస్త సర్దుకుని కూర్చున్నాడు. ఇల్లాలు చేతిసంచీ గట్టిగా పట్టుకుని తన సందేహాలు ఒక్కొక్కటే బయట పెట్టింది. "నాకు జీతం వస్తోంది కదండీ, అందుకని కొట్టేశారా?"

"లేదు. ఈ పెన్షనుకు మీ జీతంతో పని లేదు."

"ఈయన ఎప్పుడైనా పక్కింటి వాళ్ళ ఫ్యానో మిక్సీయో బాగు చేస్తే పెన్షను పోతుందా?"

"చిన్నా చితకా పనికి పోదు. కానీ దాచకుండా చెప్పాలి. చెప్పకపోతేనే చిక్కు."

"మళ్ళీ కొత్తగా అర్జీ పెట్టుకుంటే సరిపోతుందేమో?"

"వద్దు. కొత్తది పెడితే గడిచిన నెలలవి పోతాయి. గడువులోగా అప్పీలు చెయ్యాలి. అది సరే, అసలు ఎందుకు కొట్టేశారో చూద్దాం." పెన్షను కోసం ఆయనను పరీక్ష చేసిన డాక్టరు రాసిన కాగితాన్ని లాయరమ్మ తిరగేసింది. పెన్సిలు నోట్లోంచి తీసింది. "డబ్బా మూతలు ప్రతిరోజూ తానే తీస్తారు. చొక్కా గుండీలు తానే పెట్టుకుంటారు. స్నానం తానే చేస్తారు. ఎవరి సాయమూ అక్కర్లేదు. ఇలా చెప్పారా మీరు?"

"చెప్పాను. ఉన్నమాటే చెప్పాను. ఆవిడనే అడగండి."

ఆవిడకు ఆ క్షణంలో నేల ఎక్కడైనా విచ్చుకుంటే బాగుండుననిపించింది. కింద గ్రంథాలయం కాబట్టి పడ్డా పుస్తకాల మీదే పడుతుంది.

లాయరమ్మ గొంతు తగ్గించింది. "వాళ్ళు అడిగేది మీకు ఆ పని వచ్చా అని కాదండీ. ఎవరి ఆసరా లేకుండా, పడిపోతామన్న భయం లేకుండా, రోజూ, మళ్ళీమళ్ళీ చెయ్యగలరా అని. మీ మంచి రోజు సంగతి చెప్పి వచ్చారేమో, నిదానంగా ఆలోచించండి. సాయం చేసే మనిషికి కూడా కొంత భత్యం వస్తుంది. మీతో కలిసి ఉండేవాళ్ళ వాంగ్మూలం ఒకటి కావాలి." ఆవిడ వైపు తిరిగింది. "ఇంట్లో మీరేమేం చేసి పెడతారో మొత్తం రాసివ్వండి."

"ఆవిడ రాయడానికేముంది? నాకేం చేసి పెడుతుంది?" అన్నాడు ఆయన ధీమాగా.

ఆవిడ కాగితాలు సంచీలో సర్దుకుంది.

*

ఇంటికి రాగానే ఆయన కుర్చీలో కూలబడి తీర్పు చెప్పేశాడు.

"అప్పీలూ లేదు, గిప్పీలూ లేదు. నేను బాగున్నానని వాళ్ళే రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకెళ్ళి పాత కంపెనీలోనే అడుగుతాను. నువ్వు పెట్టె సర్దుకో అమ్మలూ. రేపు వెళ్ళి సీటు ఖాయం చేసుకుందాం."

"నేను వెళ్ళను నాన్నా."

"ఎందుకు వెళ్ళవు? కారణం చెప్పు! సముద్రం, కళ్ళు తిరగడం అంటే ఊరుకోను. ఇంట్లో నీతో ఎవరికి పని?"

"అమ్మలూ, వద్దు" అంది తల్లి.

ఆ వద్దు అనడంతోనే ఆ పిల్ల ఓపిక తెగిపోయింది. "నీకే నాన్నా, నీకే పని! నేను పోతే బకెట్టులో సగం నీళ్ళు ఎవరు పడతారు? నువ్వు బాత్రూములో కాలు జారితే వినడానికి తలుపు బయట ఎవరుంటారు? అమ్మ తెల్లారకుండా లేచి మూతలన్నీ వదులు చేస్తుంది, మధ్యాహ్నం అవన్నీ ఎవరు చేస్తారు?"

ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

"డబ్బా తే" అన్నాడు ఆయన. "గట్టిగా బిగించి తే. మామూలుగా మీరు ఎంత బిగిస్తారో అంత."

కూతురు తెచ్చింది. ఆయన గుండెకు ఆనించుకుని తిప్పాడు. మూత కదల్లేదు. మోకాళ్ళ మధ్య ఇరికించి తిప్పాడు. కుడి వేళ్ళు మూత మీంచి జారి ఒళ్ళో పడ్డాయి. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు వెళ్ళింది. "ఉండు" అన్నాడు. నుదుటి మీద చెమట పట్టేదాకా చూసి, డబ్బాను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచి" అంది ఆవిడ.

"మరి చొక్కా?"

"కాజాలు పెద్దవి చేశాను."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నేను ఎడంచేత్తో ఆడి రోజూ క్యారమ్స్‌లో నిన్ను ఓడిస్తున్నానే, అది?"

"అది మాత్రం నిజంగానే ఓడిపోతున్నాను నాన్నా. ఒట్టు."

అంత బాధలోనూ ఆవిడకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వలేదు. లేచి, కాలీడ్చుకుంటూ కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. వీధిలో ఎవరో సైకిలు గొలుసు వేసుకుంటున్నారు. అది పూర్తయ్యేదాకా చూశాడు.

"అయితే నన్ను ఆగిపోయిన లిఫ్టులో ఉంచి, బయట నిలబడి అంతా బాగానే ఉందని చెబుతూ వచ్చావన్నమాట" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"మీ దగ్గర నేర్చుకున్నదే కదండీ."

"నేను చెప్పేది లోపలివాళ్ళు భయపడకుండా. తలుపు తెరవడానికి మనిషిని పిలిచాకే చెప్పేవాణ్ణి. నువ్వు ఎవర్నీ పిలవలేదు."

ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది. "మొదటిరోజు మీరు మూత తియ్యలేక దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డారు. చూళ్ళేకపోయాను. ఈ ఒక్కపూటకే అనుకున్నాను. మర్నాడు తీసి ఎంత సంబరపడ్డారో! ఆ ముఖం చూశాక ఇక చెప్పలేకపోయాను. కోపం వస్తే తిట్టండి."

ఆయన తిట్టలేదు. "ఆ లాయరమ్మ రాయమన్నది రాసెయ్" అన్నాడు. "ఏదీ వదలకు. నాకూ తెలియాలిగా."

ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాసింది. ఆయన పక్కనే కూర్చుని విన్నాడు. కొన్నిచోట్ల "ఇది కూడానా?" అన్నాడు. సాక్సుల దగ్గర మాత్రం కాస్త పేచీ పెట్టుకున్నారు.

*

అప్పీలు విచారణ గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన గొంతు మెత్తగా ఉంది. ఆ ఉదయం మెకానిక్ బీరువా అడుగున ఉన్న, ఎవరూ కాజాలు ముట్టుకోని పాత చొక్కా అడిగి తీసుకున్నాడు. సాయం వద్దన్నాడు. బయల్దేరే వేళకు పెట్టుకోగలిగింది ఒక్క గుండీ, అదీ పక్క కాజాలో. కింద బనీను కనబడకుండా ఆవిడ శాలువా కప్పబోతే ఒప్పుకోలేదు.

"ఇలాగే వెళ్దాం. చూడనీ" అన్నాడు.

పెద్దాయన ఆ చొక్కానూ చూశాడు, కాగితాలూ చూశాడు. "పరీక్ష రోజున ఎవరి సాయమూ అక్కర్లేదని మీరే చెప్పారు. మీ భార్య మరోలా రాశారు. మేం ఏది నమ్మాలి?"

లాయరమ్మ నోరు తెరిచేలోగా మెకానిక్ ఎడంచెయ్యి ఎత్తి ఆపాడు. ఆ తర్వాత కాసేపటికి విషయం వాళ్ళకు అనుకూలంగానే తేలింది. పెన్షనూ ఖాయమైంది, సాయం చేసే మనిషికి భత్యమూ ఖాయమైంది. కానీ తల్లీకూతుళ్ళు ఆ గదిలోంచి ఇంటికి తెచ్చుకున్నది ఆయన అప్పుడన్న మాటలే.

"ఆవిడ రాసిందే నమ్మండి. ఆ రోజు నేను అబద్ధమాడలేదండీ. అన్నీ నేనే చేసుకుంటున్నాననుకున్నాను. వీళ్ళిద్దరూ చేస్తున్నారని నాకు తెలియదు."

"సరే" అంటూ పెద్దాయన పక్కనున్న గుమాస్తాకు సైగ చేశాడు. గుమాస్తా రాసుకుంది.

"ఇంకోటి కూడా రాసుకోవాలండీ."

"చెప్పండి."

ఆయన కుర్చీలోనే కష్టపడి సగం వెనక్కి తిరిగాడు. గోడ వారగా కూర్చున్న కూతురు చటుక్కున తల దించుకుంది.

"అదిగో, మా అమ్మాయి. చదువుకి పంపుతానంటే వెళ్ళనంది. బద్ధకం అన్నాను. ఇంట్లో కూచుని తినడానికి మరిగావన్నాను. నన్ను కనిపెట్టుకుని ఉండడానికి ఆగిపోయిందని నాకు తట్టనే లేదు."

"అది మా విచారణ కిందకు రాదండీ" అన్నాడు పెద్దాయన ఇంకా మెత్తగా.

"రాకపోయినా రాసుకోండి" అన్నాడు మెకానిక్. "పిల్లను అలా అనడం నాదే తప్పు."