మడ అడవి పడవ

"అమ్మగారూ, నా పడవకి చిల్లి పెట్టేశారండీ!"

నిజాంపట్నం రేవులో టీ తాగుతున్న హెలెన్ ముందుకి రత్తాలు పరుగెత్తుకొచ్చింది. హెలెన్ తెనాలిలో పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. మడ అడవి చూద్దామని సహాయకుడు శివకృష్ణతో వచ్చి, రత్తాలు పడవే మాట్లాడుకుంది.

పడవ కాలువ ఒడ్డున ఒరిగి ఉంది. అడుగుచెక్కను ఎవరో ఉలితో తొలిచారు. బాపట్ల నుంచి వచ్చిన యాత్రికులు అప్పుడే గుసగుసలాడుతున్నారు. నీళ్ళు కారే పడవని పేరు పడితే రత్తాలు బతుకుతెరువు పోయినట్టే.

"ఎవరి మీద అనుమానం?"

"రోజూ జనాన్ని తెచ్చే ఈ వ్యాన్ డ్రైవర్ బర్నబాస్ మీదేనండి. నిన్న చెప్పులతో పడవెక్కితే తిట్టాను. నీ సంగతి చూస్తానన్నాడు."

"కోపంలో అన్నానక్కా!" అన్నాడు బర్నబాస్. "అయినా చెక్క పడవకి అంత మర్యాదేంటో నాకిప్పటికీ తెలీదు."

"పోనీ వదినా," అన్నాడు చిన్నయ్య. రేవులో జనాన్ని తిప్పే రెండో పడవ అతనిది. "వీళ్ళని నేను తీసుకెళ్తాలే."

హెలెన్ వంగి చూసింది. నీరు తీసిన బురదలో, పడవ అంచున, జత చెప్పుల అచ్చులు పక్కపక్కనే పడి ఉన్నాయి. పడవలో మాత్రం వట్టి పాదాల బురద. శివకృష్ణకు ఏమీ అంతుపట్టలేదు.

ఆమె అందరినీ దగ్గరకు పిలిచింది. "చిన్నయ్యా, చెప్పులతోనే పడవెక్కి, తొక్కుకుంటూ తొలిచావు కదూ?"

"తప్పమ్మా! గంగమ్మ తల్లినండీ ఎక్కేది! విప్పే ఎక్కా..."

చిన్నయ్య నాలుక కరుచుకున్నాడు.

"బర్నబాస్ అయితే చెప్పులతోనే ఎక్కేవాడు," అంది హెలెన్. "పాడుచెయ్యడానికి వచ్చి కూడా చెప్పులు విప్పాడంటే, అది పడవ మీద బతికేవాడి పనే. ఈ పడవ మూలపడితే జనమంతా ఎవరి దగ్గరికి పోతారు?"

శివకృష్ణ ఆమెను నోరు తెరుచుకుని చూశాడు.

చిన్నయ్య తల దించుకున్నాడు. రత్తాలు అతని మీదికి వెళుతుందనుకున్నారంతా. ఆమె కొంగు దోపుకుంది.

"నీ పడవ తాడు విప్పు. ఇవాళ అది నేను నడుపుతా. నువ్విక్కడే కూర్చుని నా చిల్లి పూడ్చు."

అందరినీ ఎక్కించుకుని చిన్నయ్య పడవ కాలువ మలుపు తిరిగింది. రెండు గట్ల నుంచీ మడచెట్లు వంగి ఆకాశాన్ని కప్పేశాయి. బురదలోంచి లెక్కలేనన్ని వేళ్ళు పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటున్నాయి. రత్తాలు ఇంజను ఆపింది. తెల్లకొంగల గుంపు ఒక్కసారిగా లేచేసరికి శివకృష్ణ ఒళ్ళు జలదరించింది. గుసగుసలాడిన నోళ్ళన్నీ మూతపడ్డాయి.

యాత్రికుల్లో ఒక పెద్దావిడ రత్తాలు చెయ్యి పట్టుకుంది. "నీ పడవ బాగవగానే కబురు చెయ్యమ్మాయ్. మా వాళ్ళందరినీ దాంట్లోనే తీసుకొస్తా."

రత్తాలు తలూపి, ఇంజను మళ్ళీ వేసింది.