బొమ్మలో కురవని వాన

యుద్ధం నెత్తిమీదికొచ్చిన ఆ వేసవిలో, చైనాలోని సుజౌ నగరంలో, పట్టపగలు డ్రాఫ్ట్స్‌మన్ హూని కాల్చి చంపారు. యాంగ్జీ నది ఒడ్డున మన ఫిరంగులు ఎక్కడెక్కడ దాచారో మ్యాప్ గీసినవాడు వాడే. అమ్ముకున్నవాడూ వాడే.

"కాపీ ఒక్కటే," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్. "దాన్ని కొండల బొమ్మగా మార్చి గీశాడు. జపాను ఏజెంట్ నాగిసే సాయంత్రం రైల్లో పట్టుకుపోతాడు. అది చేతులు మారేది పట్టు వ్యాపారి ఫెయ్ తోటలో, బొమ్మల విందులో. వెళ్లు."

"మోకాళ్లు నొప్పులు సార్."

"ఆ ఫిరంగుల దగ్గరే నీ తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు."

యెన్ బోషు లేచాడు. ఈ ఉద్యోగంలో మారువేషాలు మారతాయి, మోకాళ్లు మారవు. ఈసారి కవి వేషం. చేతికర్రలో పిస్తోలు. గేటు దగ్గరే కర్ర లాగేసుకున్నారు.

లోపల కే సుయిన్ టీ పోస్తోంది. రెండు పక్కలా పనిచేసే అందగత్తె.

"ఈ ఏడాది ప్లమ్ పండ్లు పులుపేనా?" కోడ్ అడిగాడు.

"మీ మొహమంత పులుపు, పెద్దాయనా!" కోడ్‌లో జవాబు అది కాదు. గొంతు తగ్గించింది. "ఆ గోడ మీద ఉన్నవాటిలో ఒకటి. ఏదో నాకూ చెప్పలేదు."

"ఇవాళ ఎవరి పక్క?"

"బతికుండేవాళ్ల పక్క."

యెన్ ఒక్కో బొమ్మా, దాని మీది కవితా చూసుకుంటూ పోయాడు. ఒక చోట కాళ్లు ఆగాయి. 'వానలో కొండలు కరిగాయి. గంట మోగింది, గుడి ఏదీ?' అని కవిత. బొమ్మలో వాన చుక్క లేదు. కొండలు కడిగినట్టున్నాయి. నది మలుపు మలుపుకీ ఓ గుడి!

కనపడదని కవిత చెప్పినదాన్ని ఇక్కడ ఏ చిత్రకారుడూ గీయడు. చూసేవాడి ఊహకి వదిలేస్తాడు. బొమ్మన్నాక కవిత ఉండాలి కాబట్టి హూ ఎక్కడిదో తెచ్చి రాసేశాడు. బతుకంతా మ్యాపులు గీసినవాడు. ఏదీ వదిలేయడం చేతకాలేదు. గుడి ఉన్నచోటల్లా ఓ ఫిరంగి.

"దీన్ని చుట్టేయండి, రైలు టైమైంది," ఆ బొమ్మనే చూపిస్తూ అంటున్నాడు నాగిసే.

"ఆగండాగండి!" యెన్ అరిచాడు. "అతిథి కుంచెతో ఓ కవిత పడకుండానే బొమ్మ గుమ్మం దాటుతుందా? ఫెయ్‌గారి ఇంట ఆ మర్యాద కూడా పోయిందా?"

"అదేం మాట! రాయనివ్వండయ్యా," అన్నారు అతిథులు. వాళ్లలో మన సైన్యం కర్నల్ కూడా ఉన్నాడు. కాదంటే అతనికి అనుమానం. ఫెయ్ మొహాన చెమట.

"రెండు ముక్కలే," అన్నాడు ఫెయ్.

సుయిన్ సిరా నూరుతోంది.

"చిక్కగా," అన్నాడు యెన్.

"తెలుసు లెండి."

యెన్ ఒక్క అక్షరం రాయలేదు. అన్నిటికన్నా పెద్ద కుంచె ముంచి, పైనుంచి కిందికి నల్లటి వాన దింపాడు. ఒకదాని వెనక ఒకటి గుడులన్నీ మునిగిపోయాయి. నాగిసే చెయ్యి కోటులోకి పోయింది. కర్నల్ అటే చూస్తున్నాడు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"కవితలో వాన ఉంది. బొమ్మలో మర్చిపోయారు, పాపం," అన్నాడు యెన్.

చప్పట్లు. ఒక ముసలి పండితుడు మాత్రం మొహం చిట్లించాడు. "వాన కాస్త ఎక్కువైందయ్యా."

"ఎక్కువైతే ఏం లెండి," అన్నాడు యెన్ గేటు వైపు కుంటుతూ. "మా తమ్ముడు తడవడు."