వారానికి ఒక్కటే

మందుల షాపు అమ్మాయి తీసిన స్ట్రిప్పును మళ్లీ సొరుగులో పెట్టేసింది.

"పోయిన వారమే కదండీ నాలుగు గుళికలు తీసుకెళ్లారు? వారానికి ఒక్కటే వేసుకోవాలి. అవి నెలంతా రావాలి."

అతను డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. కిటికీలు లేని గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరెవరివో గొంతులు సరిచేస్తూ పగలంతా గడిపేవాడు. గుండె అప్పుడప్పుడు లయ తప్పుతుంది, దానికి రోజూ ఒక మాత్ర ఉంది. ఈమధ్య నడుం నొప్పంటే రక్తపరీక్ష చేయించి, విటమిన్ డి బాగా తక్కువగా ఉందని డాక్టరు ఈ గుళికలు రాశాడు. వారానికొకటి మింగితే ఎప్పటికి కోలుకునేను అనుకుని ఇతగాడు రోజుకొకటి మింగుతున్నాడు. విటమినే కదా, విషమా?

ఆ మాట ఆమెతో చెప్పలేదు. స్ట్రిప్పు ఎక్కడో పడిపోయిందని బొంకాడు. డాక్టరుగారిని ఒకసారి అడిగి రమ్మని ఆమె నెమ్మదిగానే చెప్పింది. అతను చిన్నబుచ్చుకుని పక్కవీధి షాపులో కొనుక్కున్నాడు.

కొనుక్కున్నాడే గాని, ఆ అమ్మాయి మొహం కళ్లముందునుంచి కదల్లేదు. మర్నాడు దూది కోసం వెళ్లాడు. ఆ మర్నాడు దగ్గు బిళ్లలు. తర్వాత మళ్లీ దూది. ఇంట్లో పోగైన పొట్లాలు చూసి, దిండ్లు కుట్టిస్తావేంట్రా అని అడిగింది అక్క. షాపులో ఆ అమ్మాయి కూడా నవ్వు ఆపుకుంటూ, ఇంట్లో అంతమందికి దెబ్బలు తగిలాయా అంది. వెనక కుర్చీలో కూర్చున్న ఆమె నాన్న కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసి ఊరుకున్నాడు.

నెలన్నర గడిచేసరికి అతనికి తిండి సయించడం మానేసింది. ఎన్ని నీళ్లు తాగినా గొంతు ఎండిపోతోంది. గుండె ఉండుండి గుప్పిట్లో చిక్కిన పిట్టలా కొట్టుకుంటోంది. స్టూడియోలో హీరోలందరూ ప్రేమలో పడి ఇవే మాటలు చెప్పడం రోజూ విన్నవాడు ఇంకేమనుకుంటాడు? ప్రేమే అని తేల్చేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం షాపులో ఇంకెవరూ లేరు. కౌంటరు మీద చెయ్యి ఆనించి, ఉన్నదంతా చెప్పేశాడు. ఆకలి లేదన్నాడు, దాహం తీరడం లేదన్నాడు, మీరు గుర్తొస్తే గుండె ఆగి ఆగి పరుగెడుతోందన్నాడు. ఆమె రెప్ప వాల్చకుండా విన్నది. అతని ఆశ ఆకాశానికి ఎగిరింది.

"విరేచనం సరిగ్గా అవుతోందా?" అంది ఆమె.

అతను కౌంటరు మీంచి చెయ్యి తీసేశాడు.

"చెప్పండి. ఆ గుళికలు రోజూ వేసుకుంటున్నారా?"

తలవంచుకుని అవునన్నాడు. ఆమె అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నాన్నకు షాపు అప్పగించి, టాక్సీ పిలిచింది. దారిపొడుగునా అతని మణికట్టు వదల్లేదు. అది నాడి చూడ్డానికేనని అతనికీ తెలుసు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఈసీజీ తీశారు. కాల్షియం బాగా పెరిగిపోయింది. విటమిన్ డి శత్రువేం కాదని, మోతాదు మించితే ఒంట్లో కాల్షియం పెంచేస్తుందని, అది గుండె లయను చెడగొడుతుందని, అతను వేసుకునే గుండె మాత్రతో కలిస్తే ప్రాణం మీదికే రావచ్చని డాక్టరు చెప్పాడు. గుళికలు ఆపించి, సెలైన్ పెట్టించి, కొన్నాళ్లు అక్కడే ఉంచాడు. అక్క కళ్లు తుడుచుకుంటూనే తమ్ముణ్ని తిట్టి పోసింది.

ఇంటికొచ్చాక అతను ఆ వీధి మొహం చూడలేదు. ప్రేమని చెప్పుకున్నది కాస్తా రోగలక్షణాల చిట్టా అయి కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? అక్కే విసుగెత్తి, ప్రాణం నిలబెట్టిన పిల్లకు ఒక థాంక్స్ చెప్పిరాలేవా అని బయటికి తోసింది.

ఆమె ముభావంగా పలకరించింది. అతను థాంక్స్ చెప్పాడు. రక్తపరీక్షలన్నీ మామూలుకొచ్చాకే డాక్టరు చిన్న మోతాదు రాశాడని, వచ్చే నెల మళ్లీ పరీక్ష ఉందని చెప్పాడు. ఆమె మందు తీసి ఇచ్చి, ఎలా వేసుకోవాలో వివరించి అంది.

"ఆ రోజు చెప్పిందంతా కాల్షియం వల్లేనన్నమాట."

గొంతులో హాస్యం ఉంది గాని, కళ్లలో లేదు. గొంతులు విని బతికేవాడికి ఆ తేడా తెలియదా? తనొక్కడే బాధపడుతున్నాననుకున్న మనిషికి, ఆమె కూడా నొచ్చుకుందని అప్పుడు తెలిసొచ్చింది.

"ఇప్పుడు ఆకలేస్తోంది. నిద్ర పడుతోంది. గుండె నిదానంగా కొట్టుకుంటోంది," అన్నాడు అతను. "అయినా పొద్దున లేస్తే మిమ్మల్నే చూడాలనిపిస్తోందండీ. దీనికి ఏ పరీక్ష చేయించుకోవాలో నాకు తెలీదు."

ఆమె మందుచీటీ మడిచి అతని చేతికిచ్చింది.

"వచ్చే నెల పరీక్షకి నేనూ వస్తాను," అంది.

వెనక కుర్చీలోంచి దగ్గు వినిపించింది.

"పరీక్షకి వచ్చే నెల వెళ్దురుగానిలే అమ్మాయ్. ఇవాళ షాపు నేను చూసుకుంటాను. బయట ఎండ బాగుంది, ఇద్దరూ అలా నడిచి రండి."