ఊదాపూల తీగ చాటు ఎర్ర బిళ్ళ

మార్చి ఒకటో తారీఖు, సన్నని వాన. ఇలింకా గొడుగైనా మడవకుండా మా గుమ్మంలో నిలబడి నా చేతిలో ఒక కాగితం పెట్టింది.

“సంతకం పెట్టండి సొరిన్ గారూ. అగ్రిమెంట్ ఏడాదికి రాసుకున్నాం గానీ, నేను ఖాళీ చేస్తున్నాను.”

అయిదో అంతస్తులో మా బామ్మ నాకు వదిలివెళ్ళిన ఫ్లాట్‌లో ఆమె అద్దెకుంటోంది. నేను సరిగ్గా దాని కింద. అయిదు నెలలుగా ఆమె అడుగుల చప్పుడుకే నిద్ర లేస్తూ, బుకారెస్ట్‌లో నాకంటే అదృష్టవంతుడు లేడనుకుంటున్నాను.

“ఏమైందండీ? హీటర్ మళ్ళీ మొరాయించిందా?”

“కిందికి రండి, చూపిస్తాను.”

వీధి తలుపు పక్కన గోడ మీద గుండ్రటి ఎర్ర బిళ్ళ. పెద్ద భూకంపం వస్తే ఈ భవనం నిలబడదని ఎప్పుడో ఇంజనీర్లు అంటించింది. బామ్మ పాకించిన ఊదాపూల తీగ దాన్ని ఏళ్ళ తరబడి కప్పేసింది. మొన్న ఆ తీగ కత్తిరించిన మహానుభావుణ్ణి నేనే.

“ఇది మీకు తెలుసా?”

“తెలుసు. తీగ కప్పకముందు, చిన్నప్పుడు రోజూ చూసీ చూసీ ఇంటి నంబర్‌లా అయిపోయింది. మీకు చెప్పాలని తట్టలేదు.”

“తట్టలేదా? ట్రామ్ వెళ్ళినప్పుడల్లా గ్లాసులు గలగలమంటుంటే ఎంత ముచ్చటగా ఉందోనని మా అమ్మకి ఫోన్‌లో వినిపించానండీ నేను.”

నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలని అగ్రిమెంట్‌లో ఉంది. ఆ ఒక్క మాట అంటే మే నెల దాకా ఆ అడుగుల చప్పుడు నాదే. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ తలెత్తి చూస్తే అయిదో అంతస్తులో ఆమె నిద్రపోయే గది కిటికీ కనిపించింది. కాగితం గోడకి ఆనించి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టేశాను.

“తప్పు నాదే. ఆ ఫ్లాట్ ఇంకెవరికీ ఇవ్వను.”

పెన్నుతో పాటు ఎరుపూ తెలుపూ పేనిన దారం బయటికొచ్చి వేలాడింది. వసంతం మొదలైందని ఇవాళ ఊళ్ళో మగవాళ్ళందరూ ఆడవాళ్ళకి ఇచ్చే దారమే. కాకపోతే నేను మూడు దుకాణాలు తిరిగి ఏరుకున్నది.

“ఎవరికది?”

“మీకే. ఇద్దామని బయల్దేరేలోపే మీరు కాగితంతో వచ్చారు.”

ఆమె చెయ్యి చాపింది. మణికట్టుకి కడుతుంటే నా వేళ్ళు వణికాయి.

“మీరు కూడా మీ బిల్డింగ్‌లాగే ఉన్నారే,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “నేను వెళ్ళాక మీరిక్కడే ఉంటారా?”

“పుట్టిన ఇల్లు కదండీ.”

“నెలాఖరున దీన్ని పూసిన చెట్టుకి కట్టాలి కదా. ఆ రోజు పెట్టె సర్దుకుని మా కొత్తింటికి రండి. మీరొచ్చేదాకా విప్పను.”

మర్నాడే ఆమె ఖాళీ చేసింది. ఆ నెలంతా పై నుంచి ఏ చప్పుడూ లేదు. అంత పొడవాటి మార్చిని నేనెప్పుడూ చూడలేదు.

చివరి రోజున ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో బామ్మ తీగ అంటు నాటిన కుండీ పట్టుకుని వెళ్ళాను. ఆమె ఇంటి ముందు ప్లమ్ చెట్టు తెల్లగా విరబూసింది. వాన వెలిసి, రేకులు ఆమె జుట్టు మీద రాలుతున్నాయి.

“ఎదురింట్లో గది ఖాళీగా ఉంది,” అంది. “నాలుగు గోడల చుట్టూ తిరిగి చూశాను, రెండుసార్లు. ఎర్ర బిళ్ళ లేదు.”

“నా కోసం ఇంత జాగ్రత్తా?”

“ఇష్టమైనవాళ్ళ విషయంలో నాకు భయమెక్కువ.”

చెయ్యి చాపింది. దారం ముడి విప్పాను. ఈసారి వణికింది ఆమె చెయ్యి.