కలజల్లెడలో పొట్టు

ఎర్రమెట్టలో పొద్దున లేవగానే ఎవరైనా చేసే పని ఒకటే. తలకు చుట్టుకున్న పట్టీ విప్పి, మంచం పక్కనున్న కలజల్లెడకు తగిలిస్తారు. అది ఇచ్చే చీటీ చదువుతారు, చదివి విసుక్కుంటారు. అప్పుడు గాని పంటిమీద బ్రష్ పడదు.

ఎర్రమెట్ట ఏ మండలంలో ఉందో అని వెతక్కండి. ఇది ఎనభై ఏళ్ళ తర్వాతి సంగతి, ఊరు అంగారకుడి మీద ఉంది. ఎక్కడ గొయ్యి తవ్వినా అందులోంచి తట్ట పట్టుకుని ఒక సిక్కోలు మనిషి పైకొస్తాడని పాతకాలంలో ఒక మాట ఉండేది. గొయ్యి గ్రహం మారింది గాని మనిషి మారలేదు. సొరంగంలో మంచు తవ్వి ఊరికి నీళ్ళిచ్చే నలభై మందీ ఆ శ్రీకాకుళం జిల్లావాళ్ళే. వాళ్ళ మేస్త్రీ సన్యాసమ్మ. కలజల్లెడను కనిపెట్టిన డాక్టర్ భానోజీకి ఆమె స్వయానా మేనత్త.

జల్లెడ చేసే పని చెప్పడానికి తేలికే. నిద్రపోతున్న మెదడులోని విద్యుత్ తరంగాలను పట్టీలోని సెన్సర్లు పట్టుకుంటాయి. కలలోని ప్రతి ముక్కా ఎక్కణ్ణుంచి వచ్చిందో యంత్రం ఆరా తీస్తుంది. కడుపుబ్బరం వల్ల వచ్చింది, నిన్న చూసినది, నిద్రలో చెవినబడ్డది, ఇదంతా పొట్టు. పొట్టు పైన నిలిచిపోగా కిందికి దిగేది సారం. ఆ సారమే కలకు అర్థమని భానోజీ సిద్ధాంతం.

లోటల్లా ఒక్కటే. ఆరేళ్ళలో పదకొండు లక్షల కలలు జల్లించినా, ప్రతి చీటీ మీదా 'సారం: సున్న' అనే వచ్చింది. కలలకు అర్థం లేదని తేలిపోయిందన్నాడు భానోజీ. జల్లెడ కన్నాలు మరీ సన్నమనీ, అర్థం పైనే ఆగిపోతోందనీ అన్నారు జనం. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండేది.

ఇంతలో సన్యాసమ్మకు సొరంగంలో పెళ్ళి జరిగినట్టు కలొచ్చింది. కలలో చావు చూస్తే ఆయుష్షు, పెళ్ళి చూస్తే చావు, ఇది ఎర్రమెట్టలో పాలుతాగే పిల్లలకూ తెలుసు. నలభై మందీ పనిముట్లు కింద పెట్టేశారు. ఊళ్ళో నీళ్ళు పదకొండు రోజులకే ఉన్నాయి. ఆ కల వట్టిదని సాయంత్రంలోగా ఒప్పించకపోతే జల్లెడలన్నీ తుక్కులో వేస్తామని పాలకమండలి భానోజీకి చెప్పేసింది.

అతను చీటీ పట్టుకుని తవ్వేవాళ్ళుండే బ్యారక్‌కు వెళ్ళాడు.

"అత్తా, సారం సున్న. నువ్వే చూడు."

"సూసినాన్రా. మరి డప్పులో?"

"ఏ డప్పులు?"

"పెళ్ళిలో డప్పులు. కొట్టినోడు ఎవుడూ నేడు, అవే మోగినాయి."

"అది పొట్టు. చెవిలోంచి వచ్చింది. దానికి అర్థముండదు."

"సెవికి అర్తం నేదు, కడుపుకి అర్తం నేదు. నీ సున్నాకొక్కదానికే ఉందేటి అల్లుడూ?"

వెనకనున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు. భానోజీ మొహం కందగడ్డ చేసుకుని ప్రయోగశాలకు తిరిగొచ్చి, ఆ కోపం ఊళ్ళోని జల్లెడలన్నిటినీ నడిపే పెద్ద యంత్రం మీద చూపించాడు.

"ఆవిడ కల మళ్ళీ జల్లించు."

"తొమ్మిదిసార్లు జల్లించాను. సారం సున్న," అంది కలజల్లెడ. "పొట్టు చదవమంటారా?"

"పొట్టెవడిక్కావాలి?"

"ఆరేళ్ళుగా ఈ మాటే అంటున్నారు."

"సరే, అదీ చదివి ఏడు."

"డప్పులు: బ్యారక్ గోడలోంచి నిద్రలో విన్న చప్పుడు. ఈ వారం ముప్పై ఏడు మంది కలల పొట్టులో ఇదే ఉంది. ఒకరికి రోకటిపోటు, ఒకరికి తలుపు తట్టడం, ఒకరికి మేకపిల్ల తన్నడం. మొదట గంటకొకటి. నిన్న నిమిషానికొకటి."

బ్యారక్ గోడకు అవతలే సొరంగం. అందులోని సెన్సర్లు పని జరిగేటప్పుడే వింటాయి, రాత్రి పని ఆగితే అవీ ఆగిపోతాయి. ఆ తర్వాత అక్కడ మేలుకుని ఉన్నవి నిద్రపోయేవాళ్ళ చెవులే.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"పొట్టు ఏ వారానికావారం చెరిపేయమన్నారు. ఈ వారానిది ఇంకా చెరపలేదు."

భానోజీ పరుగెత్తాడు. గోడకు పరికరం ఆనించి చూస్తే లోపల మంచు కప్పు చిట్లుతోంది. ఎవర్నీ దిగనివ్వొద్దని పాలకమండలితో పోట్లాడి ఒప్పించాడు. సాయంత్రానికి రెండువందల గజాల కప్పు కూలింది. లోపల ఈగ కూడా లేదు. మరోవైపు నుంచి తవ్వితే తొమ్మిదో రోజున మంచు తగిలింది.

గాజుకప్పు కింది తోటలో పూసిన బంతిపూలన్నీ కోసి సన్యాసమ్మకు దండ వేశారు. కలలో భవిష్యత్తు ఏమీ లేదనీ, చెవి విన్నదాన్ని నిద్ర పెళ్ళిగా మార్చిందనీ భానోజీ గొంతు చించుకున్నాడు.

"పెళ్ళొస్తే సావన్నాం. వచ్చింది గదా," అంది సన్యాసమ్మ.

"చచ్చిందెవరు అత్తా?"

"సొరంగం."

భానోజీ పంతం కొద్దీ జల్లెడను తిరగేశాడు. ఇక మీదట సారం మాట లేకుండా పొట్టే అచ్చవుతుంది. 'మీ దుప్పటి పొట్టిది.' 'మీ ఆయన గురక.' 'రాత్రిపూట బజ్జీలు తగ్గించండి.' ఇంతమాత్రానికి మిషనెందుకని జనం నెల తిరక్కుండానే పట్టీలు విప్పి టమాటా మొక్కలకు ఊతంగా కట్టుకున్నారు. కలల అర్థం కోసం మాత్రం సన్యాసమ్మ గుమ్మం ముందు వరస కట్టారు.

ఒకరోజు ఆమే అతని దగ్గరికి వచ్చింది. బుగ్గ బూరెలా పొంగి ఉంది, తువ్వాలు చుట్టుకుంది. మేనల్లుడి మిషనని ఆమె ఒక్కతే ఇంకా పట్టీ విప్పలేదు, చేతిలో చీటీ.

"పన్నూడినట్టు కలొచ్చిందిరా."

భానోజీ చీటీ చదివాడు. 'కింది దవడ, ఎడమవైపు, పుచ్చుపన్ను. పీకించుకోవాలి.'

"అత్తా, పంటి డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడు."

"పంటి మాటెందుకిప్పుడు. పన్నూడితే సుట్టం పోతాడంటారు. బూమ్మీదున్న మనోల్లందరికీ కబురెట్టినాను, బాగానే ఉన్నారట. ఇక్కడ నాకున్నోడివి నువ్వొక్కడివే." ఆమె అతణ్ణి కిందికీ మీదికీ చూసింది. "ఒంట్లో ఎలాగుందిరా?"

ఆరేళ్ళ కోపమూ ఒక్కసారే వచ్చింది అతనికి. మేనత్త రెక్క పుచ్చుకుని పక్క గదిలో కూర్చోబెట్టి, దగ్గరుండి పన్ను పీకించాడు. తిరిగొచ్చి తలుపు వేసుకున్నాడు.

"ఏమైనా జల్లించాలా?" అంది యంత్రం.

"అక్కర్లేదు."

కాసేపు కాగితాలు సర్దాడు. సర్దినవే మళ్ళీ సర్దాడు.

"బీపీ చూసే పట్టీ ఎక్కడుంది?"

"రెండో అర."

భానోజీ పట్టీ చేతికి చుట్టుకున్నాడు.

"నూట ఇరవై, ఎనభై," అంది కలజల్లెడ.

"మళ్ళీ చూడు," అన్నాడు భానోజీ.